ఊరి పేర్లు పట్టుకొని బ్రిటన్ ప్రజల చరిత్ర చదవడం ఎలా?

"బ్రిటిష్ వాళ్ల చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?" అని నన్ను రెండు రకాల వాళ్లు పదే పదే అడుగుతుంటారు. మొదటివాళ్లు పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు. వాళ్ల పుస్తకాల్లో బ్రిటిష్ వాళ్లు ఈస్టిండియా కంపెనీతోనే పుట్టుకొస్తారు. రెండోవాళ్లు ఇంగ్లండ్‌లో స్థిరపడిన తల్లిదండ్రులు. అక్కడి ప్రాథమిక బడుల్లో రాతియుగం నుంచి 1066 దాకా చెబుతారు. పిల్లలు ఇంటికొచ్చి రోమన్ల గురించి, వైకింగ్‌ల గురించి అడిగితే ఏం చెప్పాలో వీళ్లకు తోచదు. ఇద్దరికీ నా సలహా ఒకటే. రాజుల జాబితా పక్కన పెట్టి, పటం తెరిచి, ఊరి పేర్లు చదవండి.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. పేరు చివర 'పల్లి' ఉంటే ఒకటి, 'పేట' ఉంటే ఒకటి, 'ఆబాద్' ఉంటే మరొకటి అని మనకు చూడగానే తెలుస్తుంది. సికింద్రాబాద్ పేరులో నిజాం సికందర్ జా ఉన్నాడు, పారసీ భాషా ఉంది. బ్రిటన్ పటమంతా ఇలాంటి పేర్లే. ఒక్కొక్క కాలంలో వచ్చి స్థిరపడిన జనం తమ భాషలో ఊళ్లకు పేర్లు పెట్టుకుంటూ పోయారు. బ్రిటిష్ ప్రజలంటే ఒకే జాతి కాదన్న సంగతి వంద పేజీలు చదివినా పట్టుబడదు. రంగు పెన్సిళ్లతో రెండు సాయంత్రాలు కూర్చుంటే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

కావలసినవి

- బ్రిటన్ పటం, వీలైనంత పెద్దది. చిన్న ఊళ్ల పేర్లు కూడా ఉండాలి. గోడకు వేలాడదీసే రాజకీయ పటంలో నగరాలే ఉంటాయి, అది పనికిరాదు. రోడ్ల పటం మేలు.
- ఆరు రంగు పెన్సిళ్లు: ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, ఊదా, నలుపు.
- ఒక నోటు పుస్తకం.
- పాత స్పెల్లింగులు వెతకడానికి ఇంటర్నెట్.

ముందుగా ఒక హెచ్చరిక. పేరును ఇంగ్లిష్ అక్షరాల్లోనే చూడండి, తెలుగు రాతను నమ్ముకోవద్దు. మనం ఉచ్చారణను బట్టి 'లెస్టర్', 'వూస్టర్', 'గ్లాస్టర్' అని రాస్తాం. అలా రాస్తే ఆ పేర్ల చివర దాగి ఉన్న '-సెస్టర్' అనే ముక్క మాయమవుతుంది. ఈ పనిలో అసలు ఆధారం ఆ ముక్కే.

1. ముందు హద్దులు తేల్చుకోండి

ఇంగ్లండ్, బ్రిటన్, యునైటెడ్ కింగ్‌డమ్ ఒకటి కావు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ మూడూ ఉన్న పెద్ద దీవి గ్రేట్ బ్రిటన్. దానికి ఉత్తర ఐర్లండ్‌ను కలిపితే యునైటెడ్ కింగ్‌డమ్. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఒకే రాజ్యం అయింది 1707లో. అంటే అంతకు ముందు జరిగినదాన్ని 'బ్రిటిష్ ప్రభుత్వం చేసింది' అని రాస్తే తప్పు. పటం మీద మూడు దేశాల సరిహద్దులను పెన్సిలుతో దిద్దుకోండి. స్కాట్ల దేశం మీద ఇంగ్లిష్ వాళ్ల లెక్కలు రుద్దకుండా ఆ గీతలే ఆపుతాయి.

2. నదులతో మొదలుపెట్టండి (ఆకుపచ్చ)

ఊళ్లు పేర్లు మార్చుకుంటాయి, నదులు అంత సులభంగా మార్చుకోవు. అందుకే అన్నిటికన్నా పాత పేర్లు నీళ్లకే అంటుకొని ఉంటాయి. ఇంగ్లండ్ పటంలో 'ఏవన్' అనే నది ఒకటి కాదు, నాలుగైదు కనిపిస్తాయి. వేల్స్ భాషలో ఈనాటికీ 'అవొన్' అంటే నది. కొత్తగా వచ్చినవాళ్లు "ఇదేమిటి?" అని అడిగితే, అక్కడివాళ్లు "ఏరు" అని చెప్పి ఉంటారు. వీళ్లు అదే పేరనుకొని 'ఏరు నది' అని పిలిచారు. ఆ అక్కడివాళ్లే వేల్స్ భాష లాంటి కెల్టిక్ భాషలు మాట్లాడిన బ్రిటన్లు.

ఆకుపచ్చ గీత గీయాల్సిన ముక్కలు ఇవి. 'అబెర్-' అంటే నదీ ముఖం: అబెర్డీన్, అబెరిస్ట్విత్. స్కాట్లాండ్ గేలిక్‌లో అదే అర్థానికి 'ఇన్వర్-': నెస్ నది ముఖాన ఇన్వర్నెస్. 'పెన్-' అంటే తల లేదా కొండకొన. 'ట్రె-' అంటే పల్లె, కార్న్‌వాల్ నిండా అవే. 'లాన్-' (ఇంగ్లిష్‌లో రెండు ఎల్ అక్షరాలు) అంటే చర్చి ఆవరణ, వేల్స్ నిండా అవే. 'డన్-' అంటే కోట: డండీ, డన్‌బార్.

ఇక్కడ ఒక హద్దు ఉంది. పేర్లు చెప్పే చరిత్ర కెల్టిక్ భాషల దగ్గరే ఆగిపోతుంది. స్టోన్‌హెంజ్‌లో పెద్ద రాళ్లను క్రీ.పూ. 2500 ప్రాంతంలో నిలబెట్టారు. వాటిని నిలబెట్టినవాళ్ల మాట ఒక్కటీ మనకు దక్కలేదు. 'స్టోన్‌హెంజ్' అన్నది రెండున్నర వేల ఏళ్లకు పైగా గడిచాక వచ్చిన ఇంగ్లిష్ పేరు. పేరు వయసును ఊరి వయసుగా లెక్కించకండి.

3. కోటల పేర్లు (ఎరుపు)

రోమన్లు క్రీ.శ. 43లో చక్రవర్తి క్లాడియస్ కాలంలో దండెత్తి వచ్చారు. 410 ప్రాంతానికి వాళ్ల పాలన ముగిసింది. లాటిన్‌లో సైనిక శిబిరాన్ని 'కాస్ట్రా' అంటారు. అదే పాత ఇంగ్లిష్ నోట 'చేయస్టర్'గా మారింది. మాంచెస్టర్, వించెస్టర్, కోల్చెస్టర్, గ్లాస్టర్, లాంకాస్టర్, డాన్‌కాస్టర్ అన్నీ దాని పిల్లలే. ఉత్తరాన చాలాచోట్ల 'క' పలుకుతుంది, దక్షిణాన ఎక్కువగా 'చ' పలుకుతుంది. వీటికి ఎరుపు గీయండి.

ఈ పేర్లు రోమన్లు పెట్టినవే అనుకోవడం అందరూ చేసే పొరపాటు. చెస్టర్‌ను రోమన్లు 'దేవా' అన్నారు, మాంచెస్టర్‌ను 'మముకియం' అన్నారు. శిథిలాలైన రోమన్ గోడలను చూసి 'చేయస్టర్' అని పిలిచింది తరవాత వచ్చిన ఇంగ్లిష్ వాళ్లు. కాబట్టి నోటు పుస్తకంలో 'ఇక్కడ రోమన్ కోట ఉండేది, పేరు పెట్టింది మాత్రం తరవాతివాళ్లు' అని రాసుకోండి.

ఇక్కడ కాసేపు ఆగండి. ఎందుకంటే పేర్లు చూపించని మనుషులు ఇక్కడే ఉన్నారు. ఈశాన్య తీరంలో సౌత్ షీల్డ్స్ అనే ఊళ్లో ఒక సమాధి రాయి దొరికింది. దాని మీద రెజీనా అనే స్త్రీ కుర్చీలో కూర్చొని ఉంటుంది. ఒడిలో నూలు వడికే కదురు, పక్కన ఉన్ని ఉండల బుట్ట. ఆమె దక్షిణ బ్రిటన్‌లోని కాటువెల్లౌనీ తెగ మనిషి, ఒకప్పుడు బానిస. ఆమెను విడిపించి పెళ్లాడిన బరాటెస్ సిరియాలోని పల్మైరా నగరం నుంచి వచ్చినవాడు. రాయి మీద లాటిన్‌లో వివరమంతా చెక్కించి, చివర తన మాతృభాషలో ఒకే ఒక్క వాక్యం చేర్చాడు: 'రెజీనా, బరాటెస్ విముక్తి చేసినది, అయ్యో.' ముప్పై ఏళ్లకే పోయిన భార్య కోసం, చుట్టుపక్కల దాదాపు ఎవరికీ రాని భాషలో ఏడ్చాడు ఆ మనిషి. 'రోమన్లు' అన్న మాటలో ఇలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. పటం మీద సౌత్ షీల్డ్స్ దగ్గర ఎర్ర చుక్క ఒకటి పెట్టండి. ఆ ఊరి పేరులో వాళ్ల జాడ లేదు.

4. హామ్, టన్, ఫర్డ్ (పసుపు)

అయిదో శతాబ్దం నుంచి ఉత్తర సముద్రం దాటి ఆంగిల్స్, సాక్సన్లు, జూట్లు అనే తెగలవాళ్లు వచ్చారని 731లో చరిత్ర రాసి ముగించిన బీడ్ అనే సన్యాసి చెప్పాడు. ఇంగ్లండ్ అంటేనే ఆంగిల్స్ దేశం. ఎసెక్స్, ససెక్స్, మిడిల్‌సెక్స్ అంటే తూర్పు, దక్షిణ, మధ్య సాక్సన్ల సీమలు.

'-హామ్' అంటే నివాసం, '-టన్' అంటే వాడ లేదా ఊరు, '-ఫర్డ్' అంటే నదిని కాలినడకన దాటే రేవు, '-లీ' అంటే అడవిలో ఖాళీ నేల. మధ్యలో '-ఇంగ్-' వస్తే 'ఫలానావాడి మనుషులు' అని. బర్మింగ్‌హామ్ అంటే బేయోర్మా మనుషుల నివాసం. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎడ్లు దాటే రేవు. వీటన్నిటికీ పసుపు వేయండి. చేయి నొప్పెట్టేంత పని ఇది. దక్షిణ, తూర్పు ఇంగ్లండ్ దాదాపు పసుపుమయం అవుతుంది.

'వేల్స్' పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అది పాత ఇంగ్లిష్‌లో 'పరాయివాళ్లు' అనే అర్థం వచ్చే 'వెయాల్' నుంచి వచ్చింది. ముందు నుంచీ ఆ దీవిలో ఉన్నవాళ్లకు, తరవాత వచ్చినవాళ్లు పెట్టిన పేరు 'పరాయివాళ్లు'. వేల్స్ వాళ్లు తమ దేశాన్ని 'కమ్రి' అంటారు. దాని మూలార్థం తోటి దేశస్థులు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూపించండి, ఎన్నో పేజీల పాఠం తేలిగ్గా అర్థమవుతుంది.

5. బీ, తార్ప్ (నీలం)

793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగ్‌లు దాడి చేశారు. 865లో పెద్ద సైన్యమే దిగింది, మరుసటి ఏడాది యార్క్ వాళ్ల చేతికి చిక్కింది. 878లో ఎడింగ్టన్ దగ్గర ఇంగ్లిష్ రాజు ఆల్ఫ్రెడ్ వాళ్లను ఓడించాడు గానీ తరిమెయ్యలేదు. ఇద్దరూ దేశాన్ని పంచుకున్నారు. బడి పుస్తకాల్లో వైకింగ్ అంటే దోపిడీదారు. పటం చూస్తే మాత్రం పొలం దున్నిన రైతు కనిపిస్తాడు.

'-బీ' అంటే ఊరు, '-తార్ప్' అంటే శివారు పల్లె, '-త్వెయిట్' అంటే చదును చేసిన నేల. గ్రిమ్స్‌బీ, విట్‌బీ, డెర్బీ, స్కన్‌తార్ప్. వీటికి నీలం వేశాక లండన్ నుంచి వాయవ్యంగా చెస్టర్ దాకా స్కేలుతో ఒక గీత గీయండి. నీలం చుక్కల్లో చాలా భాగం ఆ గీతకు ఉత్తరాన, తూర్పున పడతాయి. లింకన్‌షైర్, లెస్టర్‌షైర్, యార్క్‌షైర్‌లలో దట్టంగా ఉంటాయి. ఆ పంపకం హద్దులో కొంత భాగం వాట్లింగ్ స్ట్రీట్ అనే రోమన్ రోడ్డు. పదకొండు వందల ఏళ్ల నాటి ఒప్పందం ఇంకా ఊరి పేర్లలో నిలిచి ఉంది!

యార్క్ పేరును విడిగా ఒక పేజీలో రాసుకోండి. రోమన్లకు 'ఎబొరాకుమ్'. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని తమ నోటికి తిప్పుకొని 'ఎయోఫర్‌విక్' అన్నారు, అంటే వాళ్ల చెవికి అడవిపందుల ఊరు. వైకింగ్‌లు 'యోర్విక్' చేశారు. అదే అరిగి అరిగి యార్క్ అయింది. ఆ ఊళ్లో వీధుల చివర కనిపించే '-గేట్' కూడా ద్వారం కాదు. వైకింగ్‌ల భాషలో 'గాట' అంటే వీధి.

6. తోక తగిలిన పేర్లు (ఊదా)

1066 అక్టోబర్ 14న హేస్టింగ్స్ దగ్గర ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు గెలిచారు. వచ్చింది ప్రభువులే గానీ రైతులు పెద్దగా రాలేదు. కాబట్టి కొత్త ఊళ్ల పేర్లు తక్కువ. పాత పేరుకు తమ కుటుంబం పేరు తగిలించడం ఎక్కువ. ఆష్‌బీ-డి-లా-జూష్ చూడండి: 'ఆష్' చెట్టు, వైకింగ్‌ల 'బీ', నార్మన్ ప్రభువుల ఇంటిపేరు. ఇలాంటి పేర్లకు రెండు రంగులు వేయాలి. నీలం మీద ఊదా గీత గీస్తే సరిపోతుంది.

7. పాత స్పెల్లింగుతో సరిచూసుకోండి

ఈ మెట్టు దాటేస్తే చేసిందంతా ఊహే అవుతుంది. నేను మొదటిసారి పటం వేసినప్పుడు రగ్బీకి నిస్సంకోచంగా నీలం వేశాను. తరవాత 1086 నాటి డూమ్స్‌డే లెక్కలు చూస్తే అక్కడ 'రోచెబెరీ' అని ఉంది. అంటే మొదట '-బరీ', కోట అని అర్థం వచ్చే ఇంగ్లిష్ ముక్క. చుట్టూ '-బీ'లు ఉండటంతో అదీ '-బీ'గా మారింది. అప్పటి నుంచి పాత రూపం చూడనిదే రంగు వేయడం మానేశాను.

డూమ్స్‌డే అన్నది 1066లో గెలిచిన నార్మన్ రాజు విలియం ఇంగ్లండ్ అంతటా ఊరూరా తీయించిన భూముల లెక్క. ఇంటర్నెట్‌లో ఊరి పేరు కొట్టి ఉచితంగా వెతకవచ్చు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంగ్లండ్ ఊరి పేర్ల అర్థాలు కూడా ఆన్‌లైన్‌లో ఉంచారు. మీ ఊరు డూమ్స్‌డేలో దొరకకపోతే కంగారు పడకండి. లండన్, వించెస్టర్ అందులో లేవు. ఉత్తరపు కొసన చాలా ప్రాంతాలు లేవు. స్కాట్లాండ్ అసలే లేదు. అలాంటప్పుడు బ్రిటన్ పటాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లు ఇచ్చే గేలిక్, వేల్స్ పదాల పట్టిక చూడండి.

ఎక్కువమంది జారిపడే చోట్లు ఇవి.

టెన్‌బీ: వేల్స్‌లో ఉంది. '-బీ' చూసి నీలం వేయకండి. 'చిన్న కోట' అని అర్థం వచ్చే వేల్స్ పేరు 'దిన్‌బిచ్' నుంచి వచ్చింది.

టెల్‌ఫర్డ్: ఇక్కడ రేవూ లేదు, పాతకాలమూ లేదు. థామస్ టెల్‌ఫర్డ్ అనే ఇంజినీరు పేరును 1968లో ఒక కొత్త నగరానికి పెట్టారు.

బకింగ్‌హామ్: ఇందులోని 'హామ్' నివాసం కాదు, ఏటి ఒంపులోని నేల. పాత ఇంగ్లిష్‌లో ఇవి రెండు వేరు మాటలు. ఈ రోజు స్పెల్లింగు ఒకటైపోయింది. రంగు పసుపే, అర్థం మాత్రం వేరు.

నాటింగ్‌హామ్: డూమ్స్‌డేలో 'స్నోటింగెహామ్', స్నాట్ అనేవాడి మనుషుల ఊరు. నార్మన్ల నోట ముందున్న 'స' రాలిపోయింది.

దేనికీ లొంగని పేరుకు నల్ల గీత గీసి వదిలేయండి. నల్ల గీతలు లేని పటం నాకు చూపిస్తే నేను నమ్మను.

8. పేర్లు ఆగిపోయిన చోట వీధులు చూడండి

నార్మన్ల తరవాత కొత్త ఊళ్లకు పేర్లు పెట్టే అవకాశం తగ్గిపోయింది. జనం రావడం మాత్రం ఆగలేదు. ఇక్కడి నుంచి వీధులు, భవనాలు చూడాలి. లండన్‌లో 'ఓల్డ్ జ్యూరీ' అనే వీధి ఉంది. 1290లో ఎడ్వర్డ్ రాజు యూదులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టాడు. 1656 దాకా వాళ్లకు బహిరంగంగా చోటు లేదు. మనుషుల్ని తరిమేసినా వీధి పేరు వాళ్లదే మిగిలింది.

లండన్‌కే వెళ్లే వీలుంటే బ్రిక్ లేన్, ఫోర్నియర్ స్ట్రీట్ కలిసే మూల దగ్గర నిలబడండి. అక్కడి ఇటుక భవనాన్ని ఫ్రాన్స్‌లో మతహింస నుంచి పారిపోయి వచ్చిన హ్యూగనాట్లు అనే ప్రొటెస్టెంట్లు 1743లో చర్చిగా కట్టుకున్నారు. తరవాత అది మెథడిస్టులనే మరో క్రైస్తవ శాఖ ప్రార్థన మందిరం అయింది. 19వ శతాబ్దం చివర్లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల సినగాగ్ అయింది. 1976 నుంచి బంగ్లాదేశ్ ముస్లింల మసీదు. తలెత్తి చూస్తే గోడ మీద నీడ గడియారం, దాని మీద లాటిన్‌లో 'ఉంబ్రా సుముస్' అనే మాట: 'మేము నీడలం'. నాలుగు మతసమాజాలూ ఆ మాటను చెరపలేదు.

1948 జూన్‌లో విండ్‌రష్ ఓడలో టిల్బరీ రేవుకు వచ్చిన కరీబియన్ జనం, 1972లో ఉగాండా నుంచి వెళ్లగొట్టగా లెస్టర్‌లో స్థిరపడిన గుజరాతీలు, ఈ మధ్య వచ్చిన తెలుగువాళ్లు కూడా ఈ వరసలోవాళ్లే. వీటి కోసం పటంలో కాకుండా నోటు పుస్తకంలో విడిగా ఒక పేజీ పెట్టుకోండి.

9. పూర్తయిన పటాన్ని పరీక్షించండి

పటాన్ని గోడకు తగిలించి నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. ఆకుపచ్చ వేల్స్‌లో, స్కాట్లాండ్ ఉత్తర పశ్చిమాల్లో, టేమర్ నదికి అవతల కార్న్‌వాల్‌లో చిక్కబడాలి. ఎర్రచుక్కలను కలిపితే చాలాచోట్ల తిన్నని గీతలు రావాలి, అవి రోమన్ల రోడ్లు. కెంట్, ససెక్స్‌లలో నీలం ఎక్కువ కనిపిస్తే మీరు ఎక్కడో '-బరీ'ని '-బీ'గా చదివారు. వెనక్కి వెళ్లి దిద్దుకోండి.

పటం బాగా వచ్చినా ఒక తప్పు నిర్ణయానికి మాత్రం రాకండి. ఇది భాషల పటం, రక్తసంబంధాల పటం కాదు. 2015లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనంలో డేన్ల (డెన్మార్క్ వైకింగ్‌ల) జాడ ఇంగ్లండ్ జనంలో స్పష్టంగా కనిపించలేదు. కెల్టిక్ ప్రాంతాలన్నీ ఒకే గుంపుగానూ తేలలేదు. నీలం దట్టంగా ఉన్నచోట అందరూ వైకింగ్ సంతతే అని పిల్లలకు చెప్పకండి.

చివరగా ఒక చిన్న పరీక్ష. పుస్తకం మూసి ఈ మూడు పేర్లకు రంగులు చెప్పండి: కార్లైల్, స్ట్రాట్‌ఫర్డ్-అపాన్-ఏవన్, స్వాన్సీ.

కార్లైల్: ముందున్న 'కార్-' వేల్స్ భాషలో కోట అనే 'కయెర్', కాబట్టి ఆకుపచ్చ. వెనక ఉన్నది లుగువాలియం అనే పాత పేరు అరిగిన రూపం. స్ట్రాట్‌ఫర్డ్: 'స్ట్రాటా' అంటే లాటిన్‌లో పరిచిన రోడ్డు. 'ఫర్డ్' ఇంగ్లిష్, 'ఏవన్' కెల్టిక్. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మూడూ పడతాయి. స్వాన్సీ: హంసా లేదు, సముద్రమూ లేదు. స్వేన్ అనే వైకింగ్ మనిషి దీవి, అందుకని నీలం. అదే ఊరిని వేల్స్ వాళ్లు ఈనాటికీ అబెర్‌తవె, అంటే తవె నది ముఖం, అంటారు. రెండు రంగులూ వేసి ఉంటేనే మార్కు వేసుకోండి.